ముందు ఖాళీ పెట్టెను పెంచండి

నేల తాబేలు పిల్లను ఇంట్లో పెంచాలని ముచ్చటపడేవాళ్ళకు నేను చెప్పే సలహా ఒకటే. పెట్టె కొనండి, లైట్లు బిగించండి, మట్టి పోయండి, నీళ్ళ పళ్ళెం పెట్టండి. తాబేలును మాత్రం తేకండి. ఒక నెల పాటు ఆ ఖాళీ పెట్టెనే పెంచండి. పొద్దున లైటు వెలిగిందా, రాత్రి ఆరిందా చూడాలి. మట్టి తడి ఆరకుండా చూసుకోవాలి. ఎండ మూలలో వేడి ఎంత, నీడ మూలలో ఎంత అని రోజూ రాసుకోవాలి. రేపు తాబేలును నానబెట్టాల్సిన డబ్బాలో గోరువెచ్చటి నీళ్ళు పోసి, పావుగంట ఆగి, పారబోసి, డబ్బా కడగాలి. ఆకులు తరిగి పెట్టి, సాయంత్రం తీసి పారేయాలి. నెల తిరిగేసరికి ఇంట్లో ఒక్కరికైనా ఈ పనులంటే విసుగు పుట్టకుండా ఉంటే, అప్పుడు తాబేలు మాట ఎత్తొచ్చు.

ఈ ముక్క మా వాట్సాప్ గ్రూపులో పెడితే నవ్వారు. "చేపల్లేని అక్వేరియం ముందు కూర్చుని చూస్తుంటారా?" అని ఒకావిడ అడిగారు. చేపలు పెంచడం బాగా తెలిసినవాళ్ళు నిజంగా అదే చేస్తారు. చేపల నుంచి వచ్చే అమ్మోనియాను విరిచేసే బాక్టీరియా తొట్టిలో కుదురుకునేదాకా కొన్ని వారాలు ఆగి, ఆ తర్వాతే చేపలు వేస్తారు. దాన్ని ఎవరూ వింతగా చూడరు. తాబేలు దగ్గరికి వచ్చేసరికి మాత్రం "దానికేముందండీ, ఓ మూల పడుంటుంది" అంటారు.

ఆ నమ్మకం మీదే నా గొడవంతా.

ఒకే సాయంత్రం అన్నీ

మేముండేది ఒహాయోలో, కొలంబస్ శివారులో. పోయిన చలికాలం మాకు తెలిసినవాళ్ళింట్లో ఒక తాబేలు పిల్ల పోయింది. పాప పుట్టినరోజు కోసం ఆన్‌లైన్‌లో తెప్పించారు. పార్సిల్ వచ్చిన సాయంత్రమే పెట్ షాపుకు వెళ్ళి, అక్కడివాళ్ళు ఒక సెట్టుగా కట్టిచ్చిన సామానంతా తెచ్చుకున్నారు. గ్లాసు తొట్టి, ఎర్ర బల్బు, చెక్క పొట్టు, గోడకు అంటించే ముల్లు మీటరు, డబ్బా తిండి. మావాడి తాబేలు జపం వల్ల నేను ఈ విషయాలు చదువుతున్నానని తెలిసి, కొన్ని వారాల తర్వాత నాకు ఫోన్ చేశారు. అప్పటికి అది కళ్ళు తెరవడం మానేసింది.

వెళ్ళి చూశాను. తొట్టిని నేల మీద, ఇంటిని వెచ్చబెట్టే ఫర్నేస్ గాలి వచ్చే వెంట్ పక్కన పెట్టారు. పాపకు అందుతుందని అక్కడ పెట్టారట. పొట్టులో చెయ్యి పెడితే దుమ్ము లేచింది. బల్బు సరిగ్గా నడిమధ్యలో ఉంది కాబట్టి వేడెక్కిన పిల్ల పక్కకు తప్పుకోవడానికి చల్లటి మూలంటూ లేదు. డిప్ప మీద బొటనవేలు ఆనిస్తే లొత్తపడింది. తేమ మీటరు మాత్రం నిక్షేపంగా డెబ్భై శాతం చూపిస్తోంది. అనుమానం వచ్చి దాన్ని ఊడదీసి డైనింగ్ టేబుల్ మీద పెట్టాను. అక్కడా డెబ్భయ్యే. ముల్లు ఎప్పుడో అతుక్కుపోయింది.

ఆ ఇంటివాళ్ళు ప్రేమ లేనివాళ్ళు కారు. పాప రోజూ క్యారెట్ తురిమి పెట్టేది. వాళ్ళ దురదృష్టమల్లా జంతువూ సామానూ ఒకే రోజు ఇంట్లోకి రావడం. నేర్చుకోవాల్సినవన్నీ ఆ పిల్ల మీదే నేర్చుకోవాల్సి వచ్చింది. కుక్కపిల్ల అయితే అరుస్తుంది, మూలుగుతుంది, మనల్ని నిద్రపోనివ్వదు. తాబేలుకు ఆ సదుపాయం లేదు. ఇటలీ, బాల్కన్ కొండల్లో ఉండే హెర్మాన్స్ జాతి తాబేలు గుడ్డులోంచి బయటికి వచ్చేటప్పుడు పది పదిహేను గ్రాములుంటుంది. అంత చిన్న ఒంట్లో దాచుకున్న నీరూ, కాల్షియమూ ఎన్నాళ్ళకో రావు. కానీ అవి అయిపోతున్నాయన్న సంగతి మనకు కనపడేసరికి వారాలు గడిచిపోతాయి. తిండి మానేయడం, కళ్ళు ఉబ్బడం, డిప్ప మెత్తబడడం మొదటి గుర్తులని మనం అనుకుంటాం, అసలుకు అవి చాలా ఆలస్యంగా వచ్చేవి.

ఖాళీ పెట్టె అలా కాదు. తప్పు జరిగిన సాయంత్రమే అంకెల్లో చెప్పేస్తుంది. అందుకే దాన్ని ముందు పెంచమంటున్నాను.

పెట్టె చెప్పే సంగతులు

మాది నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పున్న పీవీసీ పెట్టె. పైన మూత, ముందు జరిపే అద్దాలు. మూత లేని చెక్కపెట్టెలే మంచివని వాదించేవాళ్ళున్నారు, మధ్యధరా తీరంలోని ఇళ్ళల్లో అయితే అది నిజమే కావచ్చు. ఒహాయోలో జనవరిలో ఫర్నేస్ రాత్రింబవళ్ళు తిరుగుతుంటుంది. ఇంట్లో గాలి ఎంత పొడిగా ఉంటుందంటే తలుపు గొళ్ళెం ముట్టుకుంటే షాక్ కొడుతుంది, పెదాలు పగులుతాయి. ఆ గాలికి మూత లేని పెట్టెలో ఎన్ని నీళ్ళు పోసినా మర్నాటికి పీల్చేస్తుంది.

తేమ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే పాత సలహా, కొత్త సలహా తలకిందులుగా ఉంటాయి. ఎండ ప్రాంతాల తాబేళ్ళను పొడిగా పెంచాలని చాలాకాలం అందరూ అనుకున్నారు. అలా పెంచిన పిల్లల డిప్ప మీద పలకలు నున్నగా పెరగకుండా ఒక్కోటీ బుడిపెలా పైకి లేచేవి. మాంసకృత్తులు ఎక్కువైపోవడం వల్లే అలా అవుతుందని చెప్పుకునేవాళ్ళు. ఆస్ట్రియా పరిశోధకులు సల్కాటా అనే ఆఫ్రికా జాతి పిల్లలను రకరకాల తేమలో, రకరకాల తిండితో పెంచి 2003లో ఫలితాలు ప్రచురించారు. బుడిపెలు లేవడానికి పెద్ద కారణం గాలి పొడిగా ఉండడం, మాంసకృత్తుల పాత్ర చాలా తక్కువ అని తేలింది. ఆలోచిస్తే వింతేమీ లేదు. పెద్ద తాబేలు ఎండలో తిరుగుతుంది గానీ, అడవిలో పిల్ల తాబేలు పొదల కిందా, చెత్తలోనూ, తడి మట్టిలోనూ దూరి బతుకుతుంది. బయట తిరిగితే కాకి ఎత్తుకుపోతుంది కదా.

అయితే తడి ఒక్కటే చాలదు. తడిగా ఉండి చల్లగా కూడా ఉంటే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. అంటే తేమ, వెచ్చదనం రెండూ కలిపి నిలబెట్టాలి. ఎండ కాచుకునే రాయి మీద 95 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 35 సెల్సియస్. అవతలి మూల 75, 80 మధ్య. ఇవి రాసినంత తేలిక కాదని ఖాళీ పెట్టె మొదటి వారంలోనే చూపించింది. పెట్టె పైభాగంలో వేడి కొలిచే ప్రోబ్ ఒక లెక్క చెబితే, మట్టికి ఆనించిన ప్రోబ్ ఇంకో లెక్క చెప్పింది. తాబేలు ఉండేది కింద కాబట్టి కింది లెక్కే లెక్క. రాయి వేడి చూడడానికి తుపాకీ లాంటి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు కావాలి. కోవిడ్ రోజుల్లో కొన్న నుదుటి థర్మామీటరు పనికొస్తుందేమో అని మా ఆయన అల్మారాలోంచి తీశారు. అది మనిషి నుదుటి కోసం చేసినది, రాయి వేడి సంగతి దానికి తెలియదు.

కోకోపీట్, బెరడు ముక్కలు కలిపి నాలుగంగుళాల మందాన పోశాం. నీళ్ళు పైన చల్లితే గంటలో ఆరిపోతాయి. మూలల్లోకి గోరువెచ్చటి నీళ్ళు వంచితే అడుగున చేరి, నెమ్మదిగా పైకి ఆవిరవుతూ గాలిని తడిగా ఉంచుతాయి, పైపొర మాత్రం పొడిగానే ఉంటుంది. పిల్ల పొట్ట కింద ఎప్పుడూ చిత్తడిగా ఉంటే డిప్ప అడుగు కుళ్ళే ప్రమాదం ఉంది కాబట్టి ఇది ముఖ్యం. ఎంత వంచాలన్నది ఏ పుస్తకమూ చెప్పలేదు. ఆ ఇంటికి, ఆ ఋతువుకు, ఆ ఫర్నేస్‌కు ఒక కొలత ఉంటుంది. మా కొలత ఒక పెద్ద టీ కప్పు అని దొరకడానికి చాలా రోజులు పట్టింది. లోపల పిల్ల ఉండుంటే ఆ రోజులన్నీ దాని ఒంటి మీదుగా పోయేవి.

ఇక లైటు. అతినీలలోహిత కిరణాల్లో యూవీబీ అనే రకం తగిలితేనే తాబేలు ఒంట్లో డి3 విటమిన్ తయారవుతుంది, అది ఉంటేనే తిన్న కాల్షియం ఎముకలకూ డిప్పకూ పడుతుంది. కిటికీ పక్కన పెడితే ఎండ వస్తుంది కదా అంటారు. కిటికీ అద్దం ఆ కిరణాలను ఆపేస్తుంది, వెలుగు మాత్రమే లోపలికి వస్తుంది. ఒహాయోలో ఉన్న తెలుగువాళ్ళం సగం మందిమి డి విటమిన్ మాత్రలు మింగుతూనే ఉన్నాం, ఇది మనకు ఒకరు విడమరిచి చెప్పాల్సిన పని లేదు. ఆ కిరణాలిచ్చే టీ5 అనే పొడవాటి ట్యూబు మంచిది, మెలికలు తిరిగిన చిన్న బల్బు చాలదు. ఆ ట్యూబు కంటికి బాగానే వెలుగుతుంటుంది గానీ కొన్ని నెలలకు కిరణాల బలం తగ్గిపోతుంది. అందుకే బిగించిన తేదీని దాని పక్కనే స్కెచ్ పెన్నుతో రాసిపెట్టుకోవాలి.

ఖాళీ పెట్టెకు కరెంటు దండగ కదా అన్నది మా ఆయన అభ్యంతరం. లెక్క వేశాం. వంద వాట్ల బల్బు పన్నెండు గంటలు, ట్యూబు పన్నెండు గంటలు, రాత్రిపూట వెలుగు లేకుండా వేడి మాత్రమే ఇచ్చే సిరామిక్ హీటరు అప్పుడప్పుడు. రోజుకు సుమారు రెండు యూనిట్లు. నెలకు అరవై. దండగే. కానీ తాబేలు వచ్చాక ఈ ఖర్చు ఏళ్ళ తరబడి ఉంటుంది. మొదటి బిల్లుకే గుండె గుభేల్‌మనే ఇల్లయితే ఆ సంగతి ముందే తెలియడం మంచిది.

వంటింటి బుట్టలో ఏముంది

తిండి విషయంలో మన ఇళ్ళకు ఒక లాభం, ఒక ప్రమాదం ఉన్నాయి. లాభం మందారం. చలికాలం లోపలికి తెచ్చి కిటికీ దగ్గర పెట్టుకునే మందారం కుండీ లేని తెలుగు ఇల్లు ఈ చుట్టుపక్కల తక్కువ. దాని ఆకూ పువ్వూ రెండూ తాబేలుకు మంచివే. అయితే నర్సరీ నుంచి కొత్తగా తెచ్చిన మొక్కకు వేర్ల ద్వారా ఎక్కే పురుగుమందు వేసి ఉండొచ్చు, పైపైన కడిగితే పోదు. కొన్ని నెలలు మన మట్టిలో పెరిగాక వచ్చే కొత్త ఆకులు పెట్టడం నయం. అమెరికాలో బెర్ముడా గ్రాస్ అని పచ్చిక కోసం పెంచేది మన గరికే. వినాయకుడికి పెట్టే గరికను సల్కాటా లాంటి గడ్డి తినే జాతులకు నిశ్చింతగా పెట్టొచ్చు. మల్బరీ ఆకు, పచ్చికలో మొలిచే డాండిలైన్ అనే కలుపు మొక్క ఆకు, ముళ్ళు తీసిన నాగజెముడు మట్టలు కూడా మంచి తిండి. పచారీ కొట్లో సముద్రపు నురుగు అని అమ్మే కటిల్‌ఫిష్ ఎముక ఒకటి పెట్టెలో పడేస్తే కాల్షియం కోసం అదే కొరుక్కుంటుంది.

ప్రమాదం మన ఉదారత. అత్తగారు పప్పులోకి పాలకూర తరుగుతుంటే నాలుగు ఆకులు దానికి వేయాలనిపిస్తుంది. పాలకూరలో ఆక్సాలిక్ ఆమ్లం ఎక్కువ, అది కాల్షియాన్ని పట్టేసి ఒంటికి అందకుండా చేస్తుంది. పిల్ల తాబేలుకు అన్నిటికంటే అవసరమైనది కాల్షియమే. అరటిపండు, మామిడిపండు ముక్కలు హెర్మాన్స్ జాతికి పనికిరావు, దాని పేగు పీచుకు అలవాటుపడింది, తీపికి కాదు. ఆవకు అరటిపండు పెట్టినంత ప్రేమగా తాబేలుకు పెట్టే మనుషులను నేను చూశాను.

ఖాళీ పెట్టెకు రోజూ ఆకు ఎందుకు తరగాలి, ఇది మరీ చాదస్తం అని నాకే అనిపించింది. కానీ ఫిబ్రవరిలో, బయట మంచు కప్పేసి ఉన్నప్పుడు, మందు కొట్టని డాండిలైన్ ఎక్కడ దొరుకుతుందో తెలుసుకోవాలంటే ఫిబ్రవరిలోనే వెతకాలి. మా వీధిలో పచ్చికలన్నిటికీ కాంట్రాక్టు వాళ్ళు వచ్చి కలుపు మందు కొట్టి చిన్న జెండా గుచ్చి పోతారు, కాబట్టి వేసవిలో కూడా రోడ్డు పక్క ఆకు కోసుకొచ్చే అవకాశం లేదు. చివరికి ట్రేల్లో విత్తనాలు జల్లి ఆ ట్యూబులైటు కిందే ఆకు పెంచడం మొదలుపెట్టాం. తాబేలు లేని పెట్టెలో తాబేలు తిండి పచ్చగా పెరుగుతోంది.

నాలుగంగుళాలు

ఇక్కడ నాకు అసలైన సందేహం ఉంది. అమెరికాలో నాలుగంగుళాల లోపు డిప్ప ఉన్న తాబేళ్ళను అమ్మడం 1975 నుంచి నిషేధం. ఎఫ్‌డీఏ అనే ఆహార, మందుల నియంత్రణ సంస్థ తెచ్చిన నియమం అది. చిన్నపిల్లలు బుల్లి తాబేళ్ళను నోట్లో పెట్టుకోవడం, వాటి నుంచి సాల్మొనెల్లా అనే బాక్టీరియా సోకి ఆస్పత్రుల పాలవడం ఎక్కువైపోయి పెట్టారు. చదువుకూ పరిశోధనకూ అయితే మినహాయింపు ఉంది. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళు ఆ సందులోంచి దూరతారు. "ఇది విద్యా ప్రయోజనం కోసమే కొంటున్నాను" అన్న గడిలో టిక్కు పెడితే అంగుళంన్నర పిల్ల పార్సిల్లో వచ్చేస్తుంది. మా తెలిసినవాళ్ళు అలాగే టిక్కు పెట్టారు. పుట్టినరోజు కేకు పక్కన పెట్టి ఫొటో తీసుకునే తాబేలుకు విద్యా ప్రయోజనం ఏముంటుందో నాకు తెలియదు.

మనుషుల కోసం పెట్టిన ఆ నియమం తాబేలుకు కూడా ఎంత మేలు చేస్తుందో ఆలోచించాను. హెర్మాన్స్ నాలుగంగుళాలు దాటడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది. అప్పటికి డిప్ప గట్టిపడి, ఒక పూట తేమ తగ్గినా, ఒక రాత్రి హీటరు ఆగినా తట్టుకునే స్థితికి వస్తుంది. ఇన్ని జాగ్రత్తలు నిజంగా ప్రాణం మీదికి వచ్చే కాలం ఆ మొదటి ఏడాది రెండేళ్ళే. అనుభవం లేనివాళ్ళ చేతికి ఆ కాలం దాటాక ఇవ్వమని చట్టమే పరోక్షంగా అంటున్నట్టుంది. యాభై ఏళ్ళకు పైగా బతికే ప్రాణికి నాలుగేళ్ళంటే ఇంకా చంటిదే. కాబట్టి మా వరకు నాలుగంగుళాలు దాటిన చంటిదాన్నే తేవాలనుకుంటున్నాం.

దీనికి ఎదురు వాదన ఉంది, అది బలహీనమైనదేమీ కాదు. మొదటి మూడేళ్ళు వాళ్ళు ఎలా పెంచారో మనకేం తెలుసు? పొడిగా పెంచి, బుడిపెలు లేచాక మనకు అంటగడితే? పైగా అమెరికా షాపుల్లో దొరికే పెద్ద రష్యన్ తాబేళ్ళలో చాలావరకు మధ్య ఆసియా మైదానాల నుంచి పట్టి తెచ్చినవే. ఇంట్లో పుట్టిన పిల్లను మొదటి రోజు నుంచి మనమే పెంచితే ఈ గొడవ ఉండదని పెంపకందారులు అంటారు. నిజమే. అందుకే పుట్టిన చోటు, తల్లిదండ్రులున్న తోట చూపించే పెంపకందారు దగ్గర ఎదిగిన పిల్ల కోసం ఆగాలి, లేదా రెస్క్యూ సంస్థల్లో ఎవరో వదిలేసినదాన్ని తెచ్చుకోవాలి. రెండింటికీ నెలలు పడుతుంది. ఈలోపు పెట్టె ఎలాగూ నడుస్తూనే ఉంది.

సాల్మొనెల్లా సంగతి కూడా తేలిగ్గా తీసుకోలేను. అయిదేళ్ళ లోపు పిల్లలూ, అరవై అయిదు దాటిన పెద్దలూ ఉన్న ఇళ్ళల్లో సరీసృపాల జోలికి పోవద్దని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. మావాడికి తొమ్మిదేళ్ళు. అత్తయ్య డెబ్భైకి దగ్గరపడ్డారు, ఏడాదిలో కొన్ని నెలలు మా దగ్గరే ఉంటారు. తాబేలును నానబెట్టే డబ్బా వంటింటి సింకులో కడగకూడదు, తిరిగి వంటింట్లోకి రానే కూడదు. పెరుగు డబ్బాలను ఏళ్ళ తరబడి పప్పులకూ పచ్చళ్ళకూ వాడుకునే మనలాంటి ఇళ్ళల్లో ఇది చిన్న విషయమేమీ కాదు. దాని మీద ఎర్ర టేపు చుట్టాం. రెండు సార్లు ఆ టేపు డబ్బా గిన్నెల బుట్టలో బోర్లించి కనపడింది. ఖాళీ పెట్టె కాలంలో కనపడింది కాబట్టి నవ్వుకున్నాం.

అత్తయ్య అభ్యంతరం

అత్తయ్యగారిది చిత్తూరు. పెట్టె ఆవిడ పడుకునే గదిలోనే ఉంది, ఇంట్లో వెంట్‌కు దూరంగా ఉన్న మూల అదొక్కటే. వచ్చిన రెండో రోజు అన్నారు.

"తాబేలు దూరిన ఇల్లూ, అమీనా దూరిన ఇల్లూ బాగుపడవని అరవంలో సామెత ఉందమ్మా."

అమీనా అంటే కోర్టు తరఫున జప్తుకు వచ్చే మనిషి. చిత్తూరులో ఆవిడ ఇంట్లో, దేవుడి గూటి ముందు, గాజు పళ్ళెంలో నీళ్ళు పోసి ఇత్తడి తాబేలును పెట్టుకున్నారు. వాస్తుకు మంచిదట. ఆ సంగతి గుర్తుచేశాను.

"అది ఇత్తడిది కదమ్మా. దానికి తిండి పెట్టక్కర్లేదు."

ఇంత సూటిగా నేను ఈ వ్యాసమంతా రాసినా చెప్పలేకపోయాను. శకునం సంగతి ఎలా ఉన్నా, ఇంట్లోకి వచ్చినదానికి రోజూ ఎవరో ఒకరు పని చేయాలన్న లెక్క ఆవిడకు మా అందరికంటే స్పష్టంగా ఉంది.

మా ఆయన చిన్నప్పుడు ఊరి బావిలో తాబేలు ఉండేదట. నీళ్ళు శుభ్రంగా ఉంచుతుందని వేసేవాళ్ళు. ఎవరూ తేమ కొలవలేదు, ట్యూబులైటు పెట్టలేదు, అది హాయిగా బతికిందని ఆయన వాదన. బావిలోది నీటి తాబేలు, అక్కడి వాతావరణంలోనే పుట్టింది, పైనుంచి ఎండ పడేది. దానికి మనం ఏమీ చేయకపోవడమే సరిపోయింది. ఇటలీ, బాల్కన్ కొండల పొదల్లో బతకాల్సినదాన్ని ఒహాయోలో పడకగదిలో పెట్టుకున్నప్పుడు దాని ఎండా, దాని వానా, దాని మట్టీ మనమే అవుతాం. అయినా ఆయన మాటలో ఒక నిజం ఉంది. ఎంత కొలిచినా బయటి ఎండకు సాటి రాదు. వేసవిలో ఎండ బాగున్న రోజున పైన జాలీ కట్టిన మడిలో గంటసేపు వదలడం అన్ని ట్యూబులకంటే మేలని అనుభవం ఉన్నవాళ్ళంతా చెబుతారు.

ఇండియాలో ఉండి ఇది చదువుతున్నవాళ్ళకు ఒక ముక్క. రాయలసీమ పొలాల్లో కనపడే నక్షత్ర తాబేలు ఎంత ముద్దుగా ఉన్నా ఇంటికి తేవడం నేరం. 1972 వన్యప్రాణి చట్టంలో 2022 సవరణ తర్వాత అది అత్యంత రక్షణ ఉన్న మొదటి షెడ్యూలులో ఉంది. 2019లో అంతర్జాతీయ వ్యాపారాన్ని కూడా పూర్తిగా నిషేధించారు. ఒక్క వ్యాపార కేంద్రం చుట్టుపక్కల నుంచే ఏడాదిలో 55 వేలు పట్టుకుపోయారని 2015లో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. సంచుల్లో కుక్కి, టేపు చుట్టి విమానాలెక్కించేవాళ్ళు పట్టుబడ్డ వార్తలు మీరూ చదివే ఉంటారు. శ్రీకూర్మం గుడి దగ్గర వాటిని చూసి మనసుపడితే మళ్ళీ శ్రీకూర్మం వెళ్ళి చూసి రండి. ఇంట్లో పెట్టుకునే ఏర్పాట్ల గురించి నేను రాసినదేదీ వాటికి వర్తించదు.

పిల్లల్ని కనేముందు రిహార్సల్ వేశామా?

ఇది నా స్నేహితురాలు అడిగిన ప్రశ్న. ఖాళీ ఉయ్యాల నెల రోజులు ఊపి చూసి అప్పుడు పిల్లల్ని కంటే ఎవరూ కనరు, కొన్ని పనుల్లోకి దూకాల్సిందే, ప్రాణి ఎదురుగా ఉంటేనే ఓపిక పుడుతుంది అంటుంది. ఈ వాదన నన్ను చాలాకాలం ఇబ్బంది పెట్టింది. మావాడిని చూస్తే అది నిజమేననిపిస్తుంది. మొదట్లో లేవగానే పరుగెత్తి వెళ్ళి తేమ చూసి పుస్తకంలో రాసేవాడు. తర్వాత తర్వాత నేను గుర్తుచేస్తే రాశాడు. ఒక రోజు చూడకుండానే నిన్నటి అంకె దించేశాడు. లోపల తాబేలు ఉంటే అలా చేసేవాడు కాదని వాడి వాదన. కావచ్చు. కానీ పసిబిడ్డ ఏడ్చి మన చేత పని చేయించుకుంటుంది. ఏడుపు లేని ప్రాణికి చేసే పని పూర్తిగా మన అలవాటు మీదే ఆధారపడి ఉంటుంది. ఆ దించేసిన అంకె నాకు ఒకటి తేల్చింది. ఇది వాడి తాబేలు కాబోదు, నాది. పెంపుడు జంతువులతో పిల్లలకు బాధ్యత అబ్బుతుందని అంటారు కదా, ఆ సాకుతో అయితే నేనిది తేను. నాకు కావాలనిపిస్తేనే తెస్తాను. ఆశ్చర్యం ఏమిటంటే, పొద్దున్నే కాఫీ పట్టుకుని ఆ గదిలోకి వెళ్ళి మూలల్లో కప్పుడు నీళ్ళు వంచడం నాకు ఇష్టంగానే ఉంది.

ఇంకో పని కూడా ముందే చేసుకోవాలి. కుక్కలూ పిల్లులూ చూసే డాక్టర్లు అందరూ తాబేళ్ళను చూడరు. సరీసృపాలు చూసే పశువైద్యుల సంఘం వాళ్ళు ఆన్‌లైన్‌లో జాబితా పెట్టారు, అందులో మనకు దగ్గర్లో ఎవరున్నారో, కొత్త పేషెంట్లను తీసుకుంటున్నారో కనుక్కోవాలి. మాకు దగ్గరలో ఉన్న డాక్టరు ఫీజు విని మా ఆయన కరెంటు బిల్లు ఊసు మళ్ళీ ఎత్తలేదు.

మిగిలింది అత్తయ్య అడిగిన ఇంకో మాట. "మనం ఊరికెళ్ళినప్పుడు దీన్నెవరు చూస్తారు?" ఇక్కడి తెలుగువాళ్ళం ఇండియా వెళ్తే నాలుగైదు వారాలకు తక్కువ వెళ్ళం, అదీ ఎక్కువగా డిసెంబరులో, ఇక్కడ చలి ముదిరే సమయానికి. కుక్కలను ఉంచుకునే బోర్డింగులు ఉన్నాయి గానీ తాబేలు పిల్లను రోజూ నీళ్ళలో నానబెట్టి, ట్యూబు చూసి, మూలల్లో నీళ్ళు వంచే బోర్డింగు మా చుట్టుపక్కల నాకు దొరకలేదు. ఈ డిసెంబరుకు మేము వెళ్తున్నాం. పెట్టె ఖాళీగానే ఉంటుంది, కానీ ఆపి వెళ్ళడం లేదు. మేం లేనప్పుడు అది నడుస్తుందో లేదో చూడాలిగా. పక్కింటావిడను అడిగాను. రోజూ వచ్చి అంకెలు చూసి, ఆకు వేసి, ఆకు తీసి, ఫొటో పంపాలని చెప్పాను. లోపల ఏముందని అడిగింది. ఏమీ లేదన్నాను. కాసేపు నా మొహంలోకి చూసి ఒప్పుకుంది గానీ, దానికి ఎంత ఇవ్వాలన్న బేరం ఇంకా తెగలేదు.